ఫ్లాంజి విప్పి బిగించిన తర్వాత డిఫరెన్షియల్ కూత పెడితే

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సాబ్, ఈసారి మీరు కూడా ఏదో ఒకటి మాట్లాడాలి" అన్నారు. పెన్షన్ గురించి, స్పర్శ్ గురించి, ఈసీహెచ్ఎస్ కార్డుల గురించి చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. నేను చదివింది ఇంటర్మీడియట్. చేసింది ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్ పని. సికింద్రాబాద్ సెంటర్‌లో పానా పట్టడం నేర్చుకున్నాను, ఇరవై ఎనిమిదేళ్ళు దాన్ని వదల్లేదు. అందుచేత నాకు తెలిసిన ముచ్చటే చెబుతాను. ఇది బండి వెనక యాక్సిల్‌లో ఉండే ఒక్క నట్టు గురించి. ఒక్క నట్టుకు ఇంత ఉపన్యాసమా అని నవ్వకండి. ఆ నట్టు సరిగా లేని బండిలో పిల్లలను కూర్చోబెట్టుకుని ఘాట్ దిగుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉండవచ్చు.

మనవాళ్ళు రిటైర్ అయ్యాక చాలామంది పాత జిప్సీయో, జీపో, వెనక చక్రాలు లాగే మరో బండో కొంటారు. జిప్సీ అంటే మనకు అభిమానం. 1990ల నుంచి యూనిట్లో దాన్ని నడిపాం, తోశాం, తుడిచాం. వేలంలో దొరికిందంటే ఆగలేం. కొన్నాక ఏడాదికో రెండేళ్ళకో వెనక యాక్సిల్ ముక్కు దగ్గర ఆయిల్ కారడం మొదలవుతుంది. దగ్గర్లో ఉన్న షెడ్డుకు తీసుకెళ్తాం. వాళ్ళు ప్రొపెల్లర్ షాఫ్టు దించి, నట్టు విప్పి, ఫ్లాంజి ఊడదీసి, కొత్త సీలు కొట్టి, మళ్ళీ బిగించి ఇస్తారు. గంట పని. వారం తిరక్కముందే నాకు ఫోన్ వస్తుంది. "సాబ్, సీలు మార్పించాను, అప్పట్నుంచి వెనకాల కూత పెడుతోంది, క్రౌన్ పినియన్ పోయిందంటున్నారు."

ముందు లోపల ఏముందో చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ప్రొపెల్లర్ షాఫ్టు తెచ్చిన తిప్పుడు ఫ్లాంజి మీదకు వస్తుంది. ఫ్లాంజి గాళ్ళతో పినియన్ కాడ మీద కూర్చుని ఉంటుంది. పినియన్ పళ్ళు పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతాయి. పినియన్ కాడకు రెండు టేపర్ రోలర్ బేరింగులు, లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కూర్చుంటాయి. వాటి మధ్య పినియన్ ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. అలా కదలకుండా బేరింగుల మీద కొద్దిపాటి ఒత్తిడి ముందే పెట్టి ఉంచుతారు. దాన్నే ప్రీలోడ్ అంటాం. బయట కనిపించే ఆ పెద్ద నట్టు ఫ్లాంజిని పట్టుకోవడానికి మాత్రమే ఉందని చాలామంది అనుకుంటారు. ఆ ప్రీలోడ్‌ను నిలబెట్టేది కూడా ఆ నట్టే.

ఇప్పుడు అసలు తేడా దగ్గరికి వద్దాం. పాత విల్లీస్ జీపు వంశం యాక్సిళ్ళలో ప్రీలోడ్‌ను పలచటి షిమ్ములతో కుదిరిస్తారు. అక్కడ నట్టు ఎంత గట్టిగా బిగించినా ఆ ఒత్తిడి పెద్దగా మారదు, ఎందుకంటే షిమ్ము లొంగదు. సీలు మార్చి, నట్టును చెప్పిన టార్కుకు బిగిస్తే పని అయిపోతుంది. జిప్సీలోనూ, ఈ కాలపు చాలా బండ్లలోనూ షిమ్ములకు బదులు రెండు బేరింగుల మధ్య పలచటి ఉక్కు గొట్టం ఉంటుంది. దాన్ని క్రష్ స్లీవ్ అంటారు. నట్టు బిగిస్తున్నకొద్దీ ఆ గొట్టం నలిగి పొట్టిదవుతుంది. ఎంత నలిగితే బేరింగుల మీద అంత ఒత్తిడి పెరుగుతుంది. ఒకసారి నలిగిన గొట్టం మళ్ళీ సాగదు. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా ఉపన్యాసం అంతా దీని మీదే నడుస్తుంది.

మన ఊళ్ళలో యాభై, అరవై ఏళ్ళ మంచి మేస్త్రీలు ఉన్నారు. వాళ్ళ చేతి పని మీద నాకు గౌరవం ఉంది. కానీ వాళ్ళలో చాలామంది జీపు మీద పని నేర్చుకున్నారు. "బలం కొద్దీ బిగించు, ఊడిపోదు" అన్నది జీపుకు చెల్లింది. అదే చెయ్యి జిప్సీ మీద పడితే స్లీవు నలిగిపోతుంది. ఇప్పుడు గాలితో తిరిగే ఇంపాక్ట్ గన్ ప్రతి షెడ్డులోనూ ఉంది. మేస్త్రీ చేతికైనా కొంత తెలుస్తుంది, గన్నుకు ఏమీ తెలియదు.

కిందటి సంవత్సరం జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా యూనిట్లో పనిచేసిన ఒక హవల్దార్ తమ్ముడు రిటైరయ్యాక చింతపల్లి వైపు ఒక తోటలో సూపర్‌వైజర్‌గా కుదిరాడు. సొంత జిప్సీ ఉంది. వారానికి రెండుసార్లు సరుకులకనీ, పిల్లల చదువులకనీ ఘాట్ దిగి నర్సీపట్నం వస్తాడు. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, చలికాలం పొద్దున్నే మంచు. ఫోన్‌లో మా మాటలు ఇలా నడిచాయి.

"సీలు మార్చకముందు కూత ఉందా?"

"లేదు సాబ్. ఆయిల్ కారేది, అంతే."

"ఇప్పుడు కూత యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా?"

"మొదట రెండు రోజులు తొక్కినా వదిలినా ఒకటే మోత సాబ్. బండి ఆపి ముక్కు మీద చెయ్యి పెడితే కాలింది. మళ్ళీ షెడ్డుకు తీసుకెళ్ళాను, ఏదో సరిచేశామన్నారు. వేడి తగ్గింది. ఇప్పుడు ఘాట్ దిగేటప్పుడు కాలు తీస్తే ఏడుస్తోంది. క్రౌన్ పినియన్ సెట్టు మొత్తం మార్చాలంటున్నారు."

"ఇప్పుడు బండి ఎక్కడుంది?"

"పైనే, ఇంటి దగ్గరే సాబ్."

"అక్కడే ఉంచు. కిందికి దించకు. నేనే వస్తాను."

అతను చెప్పిన నాలుగు ముక్కల్లోనే రోగం ఉంది. మొదట అతిగా బిగించారు. బేరింగులు ఒత్తుకుని వేడెక్కాయి, ఒకటే మోత పెట్టాయి. రెండోసారి వెళ్ళినప్పుడు నట్టును కాస్త వెనక్కి తిప్పారు. వేడి తగ్గింది కాబట్టి బాగైందనుకున్నారు. కానీ నలిగిన స్లీవు సాగదని చెప్పాను కదా. నట్టు వెనక్కి వస్తే ప్రీలోడ్ తగ్గడం కాదు, మొత్తానికే పోతుంది. నట్టును బిగువుగా పట్టి ఉంచేది కూడా ఏమీ మిగలదు. పినియన్ ముందుకూ వెనక్కూ ఆడుతుంది. తొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలినప్పుడు రెండో పక్కకు. అందుకే దిగేటప్పుడు ఏడుపు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే నట్టు ఇంకా వదులై, పళ్ళు ఒకదానిలో ఒకటి లోతుగా దిగో, అంచు మీద పడో విరుగుతాయి. విరిగిన పన్ను ముక్క మధ్యలో ఇరుక్కుంటే వెనక చక్రాలు రెండూ పట్టేస్తాయి. దిగుడు మలుపులో వెనక చక్రాలు పట్టేస్తే ఏమవుతుందో పర్వతాల్లో డ్యూటీ చేసినవాళ్ళు చూసే ఉంటారు.

సంచిలో రెండే పరికరాలు వేసుకుని బస్సెక్కాను. ఒకటి ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచి, ఒకటి డయల్ గేజి. మిగతావి అతని దగ్గర ఉన్నాయి.

ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, వెనక యాక్సిల్‌ను స్టాండ్ల మీద నిలబెట్టి, షాఫ్టు దించాం. ఫ్లాంజి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాను. టక్ టక్‌మంది. ఇక్కడొక మాట చెప్పాలి. ఫ్లాంజిని అటూ ఇటూ తిప్పితే కొంత ఆట ఉండడం తప్పు కాదు. పళ్ళ మధ్య సందు, లోపలి చిన్న గేర్ల సందు, యాక్సిల్ గాళ్ళ సందు అన్నీ కలిపి అక్కడ కనిపిస్తాయి. దాన్ని చూసి భయపడి డిఫరెన్షియల్ మార్చినవాళ్ళు ఉన్నారు. లోపలికి, బయటికి, పైకి, కిందికి మాత్రం ఆట ఏమాత్రం ఉండకూడదు. ఇతని బండిలో ఉంది. నట్టు మామూలు పానాకే కదిలింది.

హబ్బుల నుంచి యాక్సిల్ షాఫ్టులు లాగి, డిఫరెన్షియల్‌ను కిందికి దించి బల్ల మీద పెట్టాం. దాన్ని విప్పకముందే పళ్ళకు మార్కింగ్ రంగు పూసి తిప్పి చూశాను. గుర్తు పంటి మధ్యలోనే పడింది. పళ్ళ మీద గాయం లేదు. క్రౌన్, పినియన్ రెండూ బాగున్నాయి. అవి బాగుంటాయని ముందే అనుకున్నాను. ఎందుకంటే పినియన్ ఎంత లోతుకు కూర్చోవాలో చెప్పే షిమ్ము దాని తల వెనక, లోపలి బేరింగు దగ్గర ఉంటుంది. క్రౌన్ ఎంత పక్కకు ఉండాలో చెప్పేవి పక్క బేరింగులు. ఫ్లాంజి విప్పినవాడు ఈ రెండింటినీ తాకడు. తాకనిది హఠాత్తుగా ఎందుకు చెడుతుంది? సీలు మార్చిన వారంలోనే క్రౌన్ పినియన్ పోయిందని ఎవరైనా అంటే, ముందు ఈ ప్రశ్న వేయండి.

చెడింది ఏమిటంటే బయటి చిన్న బేరింగు. రోలర్లు వేడికి నీలం తిరిగాయి, కప్పులో చిన్న చిన్న గుంటలు. లోపలి బేరింగు శుభ్రంగా ఉంది. స్లీవు నలిగి ఉంది. కొత్త బేరింగు కప్పుతో సహా, కొత్త స్లీవు, కొత్త సీలు, కొత్త నట్టు తెప్పించాం. క్రౌన్ పినియన్ సెట్టుకు షెడ్డువాళ్ళు చెప్పిన లెక్క పక్కన పెడితే ఇది చిల్లర ఖర్చు. క్రౌన్ ఉన్న కేజి విప్పేటప్పుడు క్యాపులకు, అడ్జస్టర్లకు గుర్తులు పెట్టి, మళ్ళీ వాటినే వాటి చోట పెట్టాం. ఎడమది కుడికి పోకూడదు.

బిగించే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అంతా చెడేది అక్కడే. పినియన్ ఒక్కటే, క్రౌన్ లేకుండా హౌసింగ్‌లో పెట్టి, ఫ్లాంజిని పొడుగాటి పట్టీతో పట్టుకుని నట్టు తిప్పుతాం. మొదట స్లీవు లొంగదు. పైపు వేసి వేలాడాల్సి వస్తుంది. లొంగడం మొదలయ్యాక మనిషి తొందరపడతాడు. అక్కడే ఆగాలి. నట్టు కొద్దిగా తిప్పడం, ఫ్లాంజిని పది చుట్లు చేత్తో తిప్పి రోలర్లను కుదురుకోనివ్వడం, టార్క్ రెంచితో పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో చూడడం. మళ్ళీ కొద్దిగా. చివర్లో నట్టు కడ్డీ అంచంత కదిలినా రీడింగు గబుక్కున ఎగబాకుతుంది. కొత్త బేరింగుకు ఎక్కువ, వాడిన బేరింగుకు తక్కువ, ఆ అంకె బండి మాన్యువల్‌లో ఉంటుంది. నోటి లెక్క పనికిరాదు. అంకె దాటిపోతే ఇంకో స్లీవు తెచ్చుకోవాలి తప్ప, నట్టు వెనక్కి తిప్పకూడదు. మేం నట్టు బిగించడానికే గంట పట్టింది. ఆ గంటసేపూ హవల్దార్ తమ్ముడు ఫ్లాంజి పట్టుకుని కూర్చున్నాడు. "సాబ్, గన్ను అయితే ఐదు సెకన్లు" అన్నాడు. అవును, ఆ ఐదు సెకన్ల వల్లే ఇద్దరం అక్కడ కూర్చున్నాం.

తర్వాత కేజి పెట్టి, పళ్ళ మధ్య సందు డయల్ గేజితో కొలిచి, రంగు పూసి గుర్తు మళ్ళీ చూసి, ఎక్కించాం. ఖాళీ బండితో చదును రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు నడిపాను. నిశ్శబ్దం. వెచ్చగా ఉంది, కాలడం లేదు. మర్నాడు అదే బండిలో నన్ను నర్సీపట్నం బస్టాండులో దించాడు.

ఇక మీ బండిలో ఇలాంటిది వస్తే ఎలా తేల్చుకోవాలో చెబుతాను. మోత విషయం చాలావరకు చెప్పేశాను. తొక్కినా వదిలినా మారకుండా, వేగంతో పాటు పెరిగే గరగర బేరింగుది. వదిలినప్పుడు మాత్రమే వచ్చే ఏడుపు పినియన్ వదులైందనడానికి పెద్ద అనుమానం. అయితే టైర్ల మోతను డిఫరెన్షియల్ మోత అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. తారు రోడ్డు మీద నుంచి సిమెంటు రోడ్డు మీదకు ఎక్కగానే మోత మారితే అది టైరుది.

వణుకు వస్తే లోపలికి పోకండి. యాభై, అరవై వేగంలో మొదలై పైకి పెరిగే వణుకు ఎక్కువగా షాఫ్టుది. దించేటప్పుడు గుర్తు పెట్టకపోతే, ఎక్కించేటప్పుడు అది సగం చుట్టు తిరిగి కూర్చోవచ్చు. షాఫ్టు, ఫ్లాంజి, పినియన్ మూడూ ఒకటిగా తూకం కుదిరి ఉంటాయి. ముందు బోల్టులు విప్పి, షాఫ్టును సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి. ఉచితంగా అయ్యే పని. అప్పటికీ పోకపోతే ఫ్లాంజి వంగిందేమో చూడాలి. పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి ఊడదీసిన ఫ్లాంజి అంచు మీద దెబ్బలు కనిపిస్తాయి, డయల్ గేజి పెడితే మిగతాది తెలుస్తుంది.

కొత్త సీలు వేసినా మళ్ళీ కారుతుంటే, సీలును తిట్టే ముందు రెండు చోట్ల చూడండి. ఫ్లాంజి మెడ మీద పాత సీలు పెదవి అరగదీసిన గాడి ఉంటుంది. గోరుతో తడిమితే తగులుతుంది. ఆ గాడి మీద ఎన్ని కొత్త సీళ్ళు వేసినా కారుతుంది. ఫ్లాంజి మార్చాలి, లేదా పలచటి తొడుగు వేయాలి. రెండోది బ్రీదర్. యాక్సిల్ పైన చిన్న టోపీలా ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, లోపల వేడెక్కిన గాలి ఎటూ పోలేక ఆయిల్‌ను సీలు గుండా తోస్తుంది. నేను తవాంగ్ రోడ్డులో ఎల్ఏడీలో ఉన్నప్పుడు సేలా కింద వాగులు దాటి వచ్చే బండ్లకు ఇదే పెద్ద జబ్బు. 2024లో అక్కడ సొరంగం తెరిచారు, ఇప్పటి పిల్లలకు ఆ బురద కొంతైనా తప్పింది. ఒక బండికి వరుసగా మూడు సీళ్ళు మార్చాక మా దగ్గరికి పంపారు. మా కుర్రాడు బ్రీదర్ ఊడదీసి గుండుసూదితో పొడిచాడు, లోపలి గాలి ఉస్సుమంది. నాలుగో సీలు తర్వాత మళ్ళీ కారలేదు.

కుదుపు అయితే, అంటే క్లచ్ వదలగానే వెనకాల ఠక్కుమంటే, ముందు యూ-జాయింటు క్రాసులు, తర్వాత నట్టు, చివర ఫ్లాంజి గాళ్ళు చూడండి. ఈ వరుసలోనే.

అసలు ఇంతదాకా రాకుండా ఉండాలంటే విప్పకముందు చేయాల్సిన పని పది నిమిషాలది. షెడ్డులో పక్కన నిలబడి మీరే చేయించండి. మేస్త్రీ చిరాకు పడితే పడనివ్వండి. షాఫ్టుకూ ఫ్లాంజికీ కలిపి ఒక గీత. పినియన్ కొనకు, నట్టుకు, ఫ్లాంజికి సెంటర్ పంచ్‌తో ఒకే వరుసలో మూడు చుక్కలు. నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్క. వెనక చక్రాలు, బ్రేకు డ్రమ్ములు తీసేసి, ఫ్లాంజి తిప్పడానికి ఎంత బలం పడుతోందో టార్క్ రెంచితో కొలిచి, సుద్దతో హౌసింగ్ మీద రాయాలి. డ్రమ్ములు తీయకపోతే బ్రేకు ఒరిపిడి కూడా ఆ అంకెలో కలిసి తప్పు చూపిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కొద్దికొద్దిగా, ఆ చుక్కలు కలిసే దాకా, ఆ అంకె వచ్చి దానికి కొంచెం పైకి వెళ్ళే దాకా. ఆ కొంచెం కొత్త సీలు బిగువు కోసం. నట్టు మాత్రం కొత్తదే వేయించండి, పాత నట్టు లాకింగ్ పట్టు పోయి ఉంటుంది. గాళ్ళలో కాస్త సీలెంటు రాయాలి, లేకపోతే ఆయిల్ అటు నుంచి కూడా వస్తుంది. చివరగా హైపాయిడ్ గేర్లకు చెప్పిన ఆయిలే పోయాలి, పోసే రంధ్రం అంచు దాకా. కారిపోయిన ఆయిల్ నింపకుండా సీలు ఒక్కటే మార్చి పంపిన బండ్లు కూడా చూశాను.

మారుతీ 800, ఆల్టో లాంటి ముందు చక్రాల బండ్లు ఉన్నవాళ్ళు ఇదంతా మాకెందుకని కూర్చున్నారు, గమనిస్తూనే ఉన్నాను. మీ డిఫరెన్షియల్ గేర్ బాక్సులోనే ఉంటుంది, ఈ నట్టు బాధ మీకు లేదు. మీ బాధ డ్రైవ్ షాఫ్టు లాగి పెట్టినప్పుడు వస్తుంది. కొనలో ఉన్న చిన్న సర్క్లిప్ 'టిక్'మని కూర్చోకపోతే షాఫ్టు మెల్లగా బయటికి వస్తుంది. పెట్టాక చేత్తో లాగి చూడండి, రాకూడదు. గాళ్ళ అంచు సీలు పెదవిని కోయకుండా నిటారుగా పెట్టాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. మీ ఎంటీలో మెయింటెనెన్స్ రోజున పినియన్ దగ్గర తడి కనిపిస్తే లాగ్‌బుక్కులో రాయించి వర్క్‌షాపుకు పంపండి. డ్రైవరు సాయంతో అక్కడికక్కడే బిగించవద్దు, అది మీ పానాతో అయ్యే పని కాదు.

టార్క్ రెంచి, డయల్ గేజి రెండూ తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. భోజనాలయ్యాక బయట నిలబెట్టిన జిప్సీ కింద పడుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు రండి, చేసి చూపిస్తాను. పాత చొక్కా వేసుకుని రండి.

జై హింద్.